బైపాస్ అయి ఐదు వారాలైంది. నాన్నను నడిపించాలా, పడుకోబెట్టాలా?

మేఘన_కె అడిగారు:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 61 ఏళ్లు. ఐదు వారాల కిందట బైపాస్ జరిగింది, మూడు గ్రాఫ్టులు (అడ్డంకిని దాటించి రక్తం పంపే నాళాలు) వేశారు. దానికి ముందు చిన్న అటాక్ వచ్చిందట. ఇంటికి పంపే ముందు చేసిన ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే అంకె) 45 అని ఉంది. ఛాతీ మీద కుట్లు మానాయి. బైపాస్ కోసం నరం (రక్తనాళం) తీసిన ఎడమ కాలికి మాత్రం సాయంత్రానికి కొంచెం వాపు వస్తోంది. మందులు టైముకి వేస్తున్నాం, బీపీ, షుగర్ అదుపులోనే ఉన్నాయి.

సమస్య ఏంటంటే ఆయన మంచం దిగడం లేదు. మేమే దిగనివ్వడం లేదు అనాలి. మంచినీళ్ల గ్లాసు కూడా అమ్మే చేతికందిస్తుంది. ఆయన లేచి నిలబడితే చాలు, ఇంట్లో ముగ్గురం ఒకేసారి "ఏం కావాలి?" అంటూ పరుగెత్తుతాం. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "ఛాతీ కోసి కుట్టారు, ఇప్పుడు కదిలితే ఇంకేమైనా ఉందా" అని ఒక మాట అనేసి వెళ్తున్నారు. ఆ మాట అమ్మ మనసులో బాగా నాటుకుపోయింది.

నిన్న బాత్రూమ్‌కి వెళ్లి వచ్చారు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు, అంతే. వచ్చి మంచం మీద కూర్చున్నాక రెండు నిమిషాలు ఆయాసంతో మాట్లాడలేకపోయారు. పైజమా కాస్త పైకి జరిగి ఉంది, అప్పుడు చూశాను ఆయన పిక్కల్ని. రాయిలా గట్టిగా ఉండేవి, ఇప్పుడు వదులుగా వేలాడుతున్నాయి. నా వైపు చూసి "ఇక నేనింతేనా అమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

డిశ్చార్జ్ కాగితంలో "నడక క్రమంగా పెంచుకోవాలి" అని ఒక్క లైను ఉంది. క్రమంగా అంటే ఎంత? రోజుకి ఎన్ని నిమిషాలు? రివ్యూలో అడిగితే "నడవచ్చమ్మా" అన్నారు, మా వెనకాల చాలా మంది ఉన్నారు, బయటికి వచ్చేశాం. ఎక్కువైపోతే ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ చేసిన గుండెకి నడక నిజంగా మేలు చేస్తుందా, లేక ఉన్న కాస్త బలాన్నీ అరగదీస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అమ్మకి చూపించాలి.

సత్యం రాశారు:

మా మామగారికి కూడా ఇలాగే అయితే పూర్తిగా రెస్ట్ ఇచ్చాం. మూడు నెలలు గది దాటనివ్వలేదు. గుండె విషయంలో తొందర పనికిరాదు. నడక ఎక్కడికి పోతుంది, తర్వాత నడవొచ్చు.

పాత డ్రైవర్ రాశారు:

మేఘనమ్మా, నీ పోస్టు చదువుతుంటే ఆరేళ్ల కిందటి నా మంచమే కళ్ల ముందు కనిపించింది. అందుకే ఇంత పొద్దుపోయినా కూర్చుని రాస్తున్నాను.

నేను 26 ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. 52వ ఏట అటాక్ వచ్చింది. తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరుతూ షూ లేసు కట్టుకుంటున్నాను. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది, ఎడమ దవడ లాగేసింది. రెండు స్టెంట్లు (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలీ గొట్టాలు) వేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. ఇంటికొచ్చి ఏడు వారాలు పడుకున్నాను. పడుకోమని ఎవరూ చెప్పలేదు, భయమే పడుకోబెట్టింది. పక్కకి తిరిగితే స్టెంట్ జారిపోతుందేమో అని రాత్రంతా వెల్లకిలా ఉండేవాణ్ణి. స్టెంట్ అలా జారదు. అది రక్తనాళం గోడకి ఒత్తుకుని ఉంటుంది, కొన్ని వారాలో, నెలలో గడిచేసరికి దాని మీద లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. ఈ ఒక్క ముక్క ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఎన్ని రాత్రుల నిద్ర దక్కేదో.

ఎనిమిదో వారం రివ్యూలో కార్డియాక్ రీహాబ్‌కి, అంటే గుండె రోగులకి దగ్గరుండి వ్యాయామం చేయించే చోటికి రాసిచ్చారు. వెళ్లిన మొదటి రోజే నడక పరీక్ష పెట్టారు. ఒక పొడవాటి వరండా, ఈ చివర ఒక గుర్తు, ఆ చివర ఒక గుర్తు, మధ్యలో 30 మీటర్లు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగితే అంత. నేను రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాను. 240 మీటర్లు. అద్దాల అవతల హాల్లో ఒక పెద్దావిడ సైకిల్ తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడుతోంది. ఆవిడకి 74 ఏళ్లని, బైపాస్ అయి ఏడో వారమని తర్వాత తెలిసింది. కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. నా గుండె ఇక పనికి రాకుండా పోయిందనుకున్నాను.

అక్కడి ఫిజియో నా పక్కనే కూర్చుని ఎకో కాగితం నా చేతిలో పెట్టాడు. "ఈఎఫ్ 50 ఉందండీ. మీ గుండెకి పెద్ద నష్టమేమీ జరగలేదు. మీ బలం తీసేసింది మంచం" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పుడు డాలస్‌లో 1966లో జరిగిన ఒక పరీక్ష గురించి చెప్పాడు. ఇరవై ఏళ్ల వయసు కుర్రాళ్లని ఐదుగురిని, ఏ జబ్బూ లేనివాళ్లని, మూడు వారాలు మంచం మీదే ఉంచారు. కష్టపడేటప్పుడు ఒళ్లు ఆక్సిజన్ వాడుకోగలిగే శక్తి వాళ్లలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి కొలిచారు. అప్పటికి వాళ్లు యాభైల్లో ఉన్నారు, ఒళ్లు కూడా వచ్చింది. అయినా మూడు వారాల మంచం తీసేసినంత బలాన్ని ముప్పై ఏళ్ల వయసు తీయలేకపోయింది. ఆ మాట విన్నాక నా ఏడు వారాలు తలుచుకున్నాను. మీ నాన్నవి ఐదు వారాలు. ఆయన పిక్కలు అందుకే అలా అయ్యాయమ్మా.

సత్యం గారూ, మీ జాగ్రత్తని నేను తప్పుపట్టను. ఒకప్పుడు డాక్టర్లే అటాక్ వచ్చినవాళ్లని ఆరు వారాలు పడుకోబెట్టేవాళ్లు. నర్సులే తినిపించేవాళ్లు, పక్కకి తిరగనిచ్చేవాళ్లు కాదు. అలా పడుకున్న కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ఎంతో మంది ప్రాణం పోగొట్టుకున్నారు. 1950ల మొదట్లో అమెరికాలో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగిని కుర్చీలో కూర్చోబెట్టారు. నడిపించడం కూడా కాదు, కూర్చోబెట్టడమే. దానికే అప్పట్లో సాటి డాక్టర్లు హడలిపోయారు. ఇప్పుడు బైపాస్ అయిన మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టి, రెండో రోజో మూడో రోజో నడిపిస్తున్నారంటే ఆ కుర్చీ దగ్గర మొదలైందే.

నేను డ్రైవర్‌నని తెలిశాక ఆ ఫిజియోనే ఇంకో సంగతి చెప్పాడు. ఇది నా మనసులోంచి ఇప్పటికీ పోదు. లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టరు బస్సు సిబ్బంది లెక్కలు తీశాడు, 1953లో అచ్చయ్యాయి. అవి డబుల్ డెక్కర్ బస్సులు. డ్రైవర్ డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ టిక్కెట్ల కోసం పై అంతస్తుకి ఎక్కుతూ దిగుతూ ఉంటాడు, డ్యూటీకి 500 నుంచి 750 మెట్లు. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే యాజమాన్యం. గుండె జబ్బు కండక్టర్లకి బాగా తక్కువ. వచ్చినా డ్రైవర్లంత త్వరగా చనిపోలేదు. డ్రైవర్లు లావుగా ఉంటారు కాబట్టి అనుకుంటారేమో అని తర్వాత యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తీసి చూశారు. సన్నగా ఉన్నవాళ్లలోనైనా, లావుగా ఉన్నవాళ్లలోనైనా కండక్టర్లే మెరుగ్గా ఉన్నారు.

నాతో 11 ఏళ్లు ఒకే బస్సు మీద పనిచేసిన కండక్టర్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. జనం నిండిన బస్సులో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి రోజంతా తిరుగుతూనే ఉండేవాడు. సాయంత్రం డిపోలో దిగి "కాళ్లు పీకేస్తున్నాయి, నీదేంలే, కూర్చునే ఉద్యోగం" అనేవాడు. నేనూ నా అదృష్టమే అనుకునేవాణ్ణి. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి నాలుగో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు. ఒక్క మనిషిని చూసి లెక్క తేల్చకూడదు, నాకు తెలుసు. కానీ మోరిస్ లెక్క విన్న రోజు నాకు వాడి కాళ్లే కళ్లలో మెదిలాయి.

సరే, నడక ఎలా మొదలుపెట్టానో చెప్తాను. ఇంటి ముందు చదునుగా ఉన్న చోట నాలుగు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ, ఎన్ని నిమిషాలు, నడక ముందు పల్స్, నడిచాక పల్స్, చివరి గడిలో "మాట వచ్చిందా" అని. పక్కన నా భార్య నడిచేది, నేను ఆపకుండా కబుర్లు చెప్పాలి. మాట తెగిపోతే వేగం తగ్గించాలి. రెండు మూడు రోజులకి ఒక నిమిషం పెంచుకుంటూ వెళ్లాను. మొదటి పది రోజులు అడుగు తీసి అడుగు వేయాలంటే భయం. గుండె గట్టిగా కొట్టుకున్న ప్రతిసారీ అయిపోయిందనుకునేవాణ్ణి. రీహాబ్‌లో ఛాతీకి వైర్లు అంటించి, తెర మీద ఈసీజీ చూపిస్తూ నడిపించారు. అలా కొట్టుకోవడం గుండె పని చేయడమేనని కళ్లతో చూశాక ధైర్యం వచ్చింది. నాకంటే నా భార్యకి ముందు వచ్చింది.

12 వారాలకి అదే వరండాలో అదే ఆరు నిమిషాల్లో 395 మీటర్లు నడిచాను, ఎక్కడా ఆగలేదు. ఉదయం లేచేసరికి పల్స్ 82 ఉండేది, 70కి వచ్చింది. మందుల డోసు మారలేదు. నిమిషానికి 12 తగ్గితే రోజుకి ఎంతో లెక్క వేసుకున్నాను: 17,280. రోజూ అన్నిసార్లు నా గుండెకి పని తప్పింది.

మేఘనమ్మా, అమ్మని కూడా నడకకి తీసుకెళ్లు. ఆవిడ భయం నీ మాటలతో పోదు, పక్కన నడుస్తూ ఆయన్ని చూస్తేనే పోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నాది స్టెంట్, మీ నాన్నది బైపాస్, ఛాతీ ఎముక కోశారు. నా లెక్కలు ఆయనకి అలాగే పెట్టొద్దు. రీహాబ్‌కి రాసిమ్మని మీ డాక్టర్‌ని గట్టిగా అడుగు. వెనకాల ఎంత మంది ఉన్నా సరే, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకు.

ఫిజియో నీరజ రాశారు:

మేఘన గారూ, గుండె ఆపరేషన్ అయినవాళ్లకి రీహాబ్ చేయించడమే నా ఉద్యోగం. పాత డ్రైవర్ గారు రాసినదంతా నేను రోజూ చూసేదే. కానీ నడక మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఐదో వారంలో ఇరవై అడుగులకి రెండు నిమిషాలు మాట రాని ఆయాసం అంటే దానికి మంచమే కారణమనుకుని ఊరుకోకూడదు. ఆపరేషన్ తర్వాత రక్తం తగ్గి ఉండొచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు. ఈ వారంలోనే చూపించండి. హిమోగ్లోబిన్, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, అవసరమైతే ఇంకో ఎకో. నరం తీసిన కాలికి సాయంత్రం వాపు రావడం మామూలే, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. ఒక్క కాలే ఎర్రబడి, వేడిగా, పిక్క నొప్పిగా ఉంటే మాత్రం అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. రోజూ ఉదయం ఒకే సమయానికి బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు, ఫోన్ చేయాల్సిందే.

అంతా బాగుందన్నాక ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టండి, చదును నేల మీద, రోజుకి మూడు నాలుగుసార్లు. ఒకటి రెండు రోజులకోసారి నిమిషం, రెండు నిమిషాలు పెంచండి. ముందు సమయం పెంచాలి, వేగం గురించి తర్వాత చూసుకోవచ్చు. కొన్ని వారాల్లో ఆగకుండా 30 నిమిషాలు నడవడం ఆయన లక్ష్యం. పెద్దవాళ్లందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. ఆయన నెమ్మదిగా అక్కడికి చేరతారు.

ఎక్కువైందని ఎలా తెలుస్తుందని అడిగారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత శ్రమ ఉండాలి. అది సరైన వేగం. 220లోంచి వయసు తీసేసి ఆ పల్స్ దాకా వెళ్లమని ఫోన్లలో తిరిగే లెక్క ఆయనకి పనికిరాదు. అటాక్ వచ్చినవాళ్లకి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్ర పల్స్‌ని పెరగనివ్వదు. పల్స్ 90 దాటకపోయినా ఆయన అప్పటికే అలసిపోయి ఉండొచ్చు. అందుకే మేము బోర్గ్ స్కేలు వాడతాం. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ఒక్క అడుగూ పడనట్టు. ఆయన్నే అంకె చెప్పమనండి. మొదట్లో 11 నుంచి 13 మధ్య ఉండాలి, అంటే తేలికకీ కొంచెం కష్టానికీ మధ్య.

ఛాతీలో బరువు, నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసిచ్చి ఉంటే ఎప్పుడూ జేబులో ఉండాలి. కూర్చునే పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి తూలిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్ పిలవండి, ఆయన్ని బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు. జ్వరం ఉన్న రోజు నడక మానేయండి.

నడక సమయం పెరిగాక మొదటి ఐదు నిమిషాలూ, చివరి ఐదు నిమిషాలూ బాగా నెమ్మదిగా ఉండాలి. చివరిది చాలా మంది వదిలేస్తారు. నడిచేటప్పుడు పిక్కల కండరాలే రక్తాన్ని పైకి తోస్తాయి. టక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఛాతీ ఎముక గట్టిపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు, బరువైనవి తోయకూడదు, లాగకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు చేతులు వెనక్కి ఆనించి లేవొద్దు. పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వేసి, ఆ ఊపుతో లేవాలి. దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. ఎముక దగ్గర టక్ టక్ మన్నట్టు అనిపిస్తే సర్జన్‌కి చెప్పండి. తొడల బలానికి ఇప్పుడే చేయదగ్గది ఒకటుంది. గట్టి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, ఐదుసార్లు, రోజుకి రెండు పూటలు. లేచేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది.

ఇక అరగదీస్తుందా అన్న ప్రశ్న. ఇది చాలా ఇళ్లలో అడుగుతారు. అలవాటైన కాలి కండరం అదే రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటుంది, కాబట్టి అదే పనికి గుండె తక్కువ కొట్టుకుంటే సరిపోతుంది. రక్తం ప్రవాహం పెరిగినప్పుడు రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, దానితో నాళాలు సులువుగా విప్పారతాయి. ఆయనకి వేసిన కొత్త గ్రాఫ్టులకీ, మిగతా నాళాలకీ ఇది కావాలి. బీపీ, షుగర్ కూడా తగ్గుతాయి. జర్మనీలో జరిగి 2004లో అచ్చయిన ఒక పరిశీలన నాకు చాలా ఇష్టం. జబ్బు నిలకడగా ఉన్న 101 మంది మగవాళ్లు. సగం మందికి స్టెంట్ వేశారు, సగం మంది రోజూ 20 నిమిషాలు సైకిల్ తొక్కారు. ఏడాది తర్వాత గుండెకి సంబంధించిన ఏ ఇబ్బందీ రానివాళ్లు తొక్కినవాళ్లలో 88 శాతం, స్టెంట్ వేయించుకున్నవాళ్లలో 70 శాతం. దీన్ని చూసి అటాక్ వచ్చినప్పుడు స్టెంట్ వద్దని ఎవరూ అనుకోకండి, అప్పుడు ప్రాణం కాపాడేది అదే. రీహాబ్ మీద జరిగిన 85 ట్రయల్స్‌ని, 23 వేలకు పైగా రోగుల్ని కలిపి చూస్తే గుండె జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గింది.

ఒక్క హెచ్చరిక కూడా చేయాలి. ఎప్పుడూ కదలని మనిషి ఒకరోజు హఠాత్తుగా పరుగెత్తితేనో, పెద్ద బరువు ఎత్తితేనో ఆ గంటలో అటాక్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. వారానికి ఐదు రోజులు వ్యాయామం చేసేవాళ్లకి ఆ ముప్పు కొద్దిగానే పెరుగుతుంది. కాబట్టి ఈ మందుకి కూడా డోసు ఉంటుంది. మానేయడమూ ప్రమాదమే, ఒకేసారి మింగేయడమూ ప్రమాదమే.

సత్యం రాశారు:

పాత డ్రైవర్ గారూ, నీరజ గారూ, మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. నిజం చెప్పాలంటే మా మామగారు ఇంకా గది దాటడం లేదు. ఎనిమిది నెలలైంది. మూడు నెలల తర్వాత నడవమంటే ఆయనే భయపడ్డారు, మేమూ వదిలేశాం. ఈఎఫ్ 35. ఇంత ఆలస్యమయ్యాక, గుండె అంత బలహీనంగా ఉన్నాక ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ఫిజియో నీరజ రాశారు:

మొదలుపెట్టొచ్చు సత్యం గారూ. ఈఎఫ్ 35, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల మీదే 2009లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి, 2,331 మంది. వ్యాయామం వాళ్లకి సురక్షితమని తేలింది, రోజువారీ జీవితం కొంత మెరుగైంది. కానీ ఆయన్ని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టించకండి. ముందు కార్డియాలజిస్టు చూడాలి. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం ఉంటే అది తగ్గేదాకా ఆగాలి. తర్వాత మానిటర్ ఉన్న చోట, రెండు మూడు నిమిషాల నడక, మధ్యలో విశ్రాంతి, మళ్లీ నడక. ఎనిమిది నెలలు పోయాయని బాధపడొద్దు. 74 ఏళ్లకి, 80 ఏళ్లకి మొదలుపెట్టినవాళ్ల కాళ్లు కూడా బలం పుంజుకోవడం నేను చూశాను.

మేఘన_కె రాశారు (మూడు వారాల తర్వాత):

నీరజ గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మర్నాడే తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ 8.9 ఉంది, ఎక్స్‌రేలో ఎడమవైపు కొంచెం నీరు కనిపించింది. నీరు తీయాల్సినంత లేదని మాత్రలు ఇచ్చారు, ఐరన్ మొదలుపెట్టారు. వారంలోనే ఆయాసం చాలావరకు తగ్గింది. మీరు చెప్పకపోతే మేము నీరసం అనుకుని ఊరుకునేవాళ్లం. రీహాబ్‌కి కూడా రాసిచ్చారు, వారానికి మూడు రోజులు. ఈసారి నేను కుర్చీలోంచి లేవలేదు, పాత డ్రైవర్ గారూ.

ఇంటి దగ్గర నడక ఐదు నిమిషాలతో మొదలై ఇప్పుడు 14 నిమిషాలకి వచ్చింది. మొదటి రోజు అమ్మ ఆయన చొక్కా వెనక నుంచి గుప్పిట్లో పట్టుకుని నడిచింది. నాలుగో రోజు వదిలింది. నిన్న ఆవిడే వెనకబడిపోతే నాన్న ఆగి నిలబడ్డారు. నోట్‌బుక్ నేను కొన్నాను, ఆయన స్వాధీనం చేసుకున్నారు. రూల్ కర్రతో గీతలు గీసి గడులు చేశారు. బోర్గ్ అంకె కోసం ఒక గడి, "మాట వచ్చిందా" కోసం ఒక గడి.

ఒక్క ప్రశ్న మిగిలింది. మాది పై అంతస్తు కూడా ఉన్న ఇల్లు, ఆయన మంచం పైన ఉండేది, ఆపరేషన్ అయ్యాక కిందికి మార్చాం. పైకి వెళ్తానంటున్నారు. 16 మెట్లు. ఎక్కొచ్చా?

పాత డ్రైవర్ రాశారు:

మనసు నిండిపోయిందమ్మా. మెట్ల విషయం రీహాబ్‌లో అడుగు, ముందు వాళ్ల ముందే నాలుగు మెట్లు ఎక్కిస్తారు. నాకు నేర్పింది ఇది: ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ఊపిరి వదులుతూ ఎక్కాలి. ఎక్కేటప్పుడు మాట్లాడొద్దు. సగంలో ఆగాలి, ఆయాసం లేకపోయినా ఆగాలి. రెయిలింగ్ తాకాలే తప్ప దాన్ని పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోకూడదు, ఛాతీ ఎముకకి మంచిది కాదు. పైన ఒక కుర్చీ ముందే వేసి ఉంచండి. మొదట్లో రోజుకి ఒక్కసారే.

మేఘన_కె రాశారు:

మొన్న రీహాబ్‌లో నాలుగు మెట్లు, రెండుసార్లు ఎక్కించారు. ఇంట్లో ఎక్కడానికి సరేనన్నారు. ఈ రోజు సాయంత్రం 16 మెట్లు ఎక్కారు. ఎనిమిదో మెట్టు మీద ఆగారు, అమ్మ ఆయన వెనకాల రెండు మెట్ల కింద నిలబడింది. పైన కుర్చీలో కూర్చోగానే పల్స్ 84, రెండు నిమిషాలకి 70. బోర్గ్ ఎంత నాన్నా అంటే 12 అన్నారు. తర్వాత నోట్‌బుక్ పైకి తెప్పించుకుని, కొత్తగా "మెట్లు" అని ఒక గడి గీసుకున్నారు.